సముందర్ అడుగున ఖుత్బ్‌నుమా

1995లో మేం సూర్యాపేట నుంచి ఎల్.బి.నగర్‌కు మారాం. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి వచ్చేవాళ్లకు విజయవాడ రోడ్డు మీద హైదరాబాద్ మొదటి ఠికానా అదే. అందుకే మావాళ్లు చాలామంది అటు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఇటు వనస్థలిపురం దాకా సర్దుకున్నారు. సామాను దించిన రోజే ఇంట్లో తకరార్ మొదలైంది. ఖిబ్లా ఎటు?

కిరాయి ఇల్లు రోడ్డుకు ఏటవాలుగా ఉంది. ఏ గోడా ఏ దిక్కుకూ సరిగ్గా లేదు. అమ్మీ ఒకవైపు జానమాజ్ పరిస్తే, మామూ ఇంకోవైపు తిప్పాడు. అబ్బా ఏమీ అనకుండా ట్రంకు పెట్టె తెరిచి దాదాజాన్ వాడిన ఇత్తడి ఖుత్బ్‌నుమా తీశాడు. బీరువా పక్కన స్టూలు మీద పెడితే సూది ఒకవైపు చూపింది. గది మధ్యలో పెడితే కొంచెం జరిగింది. వాకిట్లోకి తీసుకెళ్తే ఇంకొంచెం జరిగింది. మామూ నవ్వాడు. "బావా, మీ అబ్బాజాన్ సూదికి కూడా మతి పోయింది."

అబ్బా తలెత్తలేదు. "సూదికి ఝూట్ చెప్పడం రాదు. దాని పక్కన ఏమున్నదో మనం చూసుకోవాలె" అన్నాడు. చివరికి ఇంటికి దూరంగా, రోడ్డుకు అవతల ఉన్న ఖాళీ ప్లాటు మధ్యలో నిలబడి ఉత్తరం పట్టాడు. అక్కడి నుంచి పడమరకు తిరిగి, ఇంకో పదమూడు డిగ్రీలు ఉత్తరం వైపు జరిగాడు. హైదరాబాద్ నుంచి మక్కా ఉన్నది నేరుగా పడమర కాదు, ఆ మేరకు ఉత్తరంగా. ఇంట్లోకి వచ్చి గోడ మీద చాక్‌పీసుతో గీత గీశాడు. తకరార్ ఖతం.

ఆ రోజు అబ్బా చేసిన పనినే పెద్ద పెద్ద సంస్థలూ చేశాయని తర్వాత తెలిసింది. బొంబాయిలో ట్రాములు కరెంటుతో నడపాలని నిర్ణయమయ్యాక, కొలాబాలో భూమి అయస్కాంతాన్ని కొలుస్తున్న అబ్జర్వేటరీకి దిక్కుతోచలేదు. ఆ కరెంటు పక్కన సూది సరిగ్గా నిలవదు. అందుకే నానాభాయ్ ఫ్రాంజీ మూస్ అనే పార్సీ సైంటిస్టు హయాంలో 1904లో ఆ పనిని సముద్రం అవతల అలీబాగ్‌కు మార్చారు. మాకు దగ్గర్లో, నాగోల్, ఉప్పల్ దాటి హబ్సిగూడ వైపు వెళ్తే ఎన్.జి.ఆర్.ఐ. ఉంది. 1961లో పెట్టిన సంస్థ. 1964 నుంచి అక్కడ అయస్కాంత పరిశీలన జరుగుతోంది. షహర్ పెరిగాక వాళ్లూ ఎల్.బి.నగర్ మీదుగా వెళ్లే విజయవాడ రోడ్డు మీద, చౌటుప్పల్‌లో, ఇంకో అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. ఇనుముకు, సందడికి దూరంగా పోతేనే సూది సచ్ చెబుతుంది.

దోస్తులారా, ఇంతకూ ఈ సూది ఇన్సాన్ ఈజాద్ అని మనం బళ్లో చదువుకున్నాం. దాని తారీఖ్ కొంచెం చూద్దాం. చైనాలో షెన్ కువో అనే ఆలిమ్ 1088 నాటికే సూది దిక్కు చూపుతుందని రాశాడు. మన ఫార్సీ కితాబుల్లో మొదట కనిపించేది మహమ్మద్ ఔఫీ దగ్గర. బుఖారా నుంచి హిజ్రత్ చేసి హిందుస్తాన్ వచ్చి, ఢిల్లీలో ఇల్తుత్‌మిష్ జమానాలో, 1232 ప్రాంతంలో 'జవామీ ఉల్ హికాయాత్' అనే పెద్ద కథల గ్రంథం కూర్చాడు. అందులో తన జహాజ్ ప్రయాణం ఒకటి చెబుతాడు. దారి తప్పినప్పుడు కప్తాన్ చేప ఆకారంలో ఉన్న బోలు ఇనుప ముక్కను నీళ్ల గిన్నెలో వేశాడట. అది తిరిగి తిరిగి దిక్కు చూపుతూ నిలిచిందట. 1282లో బైలఖ్ అల్ ఖిబ్జాఖీ 'కన్జ్ అల్ తుజ్జార్', అంటే వ్యాపారుల ఖజానా, అనే రాళ్ల పుస్తకంలో ఇదే మాట రాశాడు. హింద్ సముద్రంలో తిరిగే కప్తాన్లు సూదికి బదులు ఇనుప చేపను నీళ్లలో వదులుతారని. ఆ శతాబ్దం చివర్లో యెమన్ సుల్తాన్ అల్ అష్రఫ్ ఖిబ్లా పట్టడానికి ఖుత్బ్‌నుమాను ఎలా వాడాలో ఒక రిసాలా రాశాడు. మా అబ్బా ఖాళీ ప్లాటులో చేసింది ఏడు వందల ఏళ్ల నాటి సున్నత్ లాంటిదే.

కప్తాన్ల జహాజ్ కింద, అదే సముందర్ అడుగున, ఇన్సాన్ పుట్టకముందు నుంచే ఇనుప చేపలు ఈదుతున్నాయన్న సంగతి మాత్రం 1963 దాకా ఎవరికీ తెలియదు.

ఆ ఏడాది ఇటలీలో పావియా యూనివర్సిటీలో సాల్వతోరే బెల్లీనీ అనే డాక్టర్ నీళ్లలో రోగం తెచ్చే సూక్ష్మజీవులు ఉన్నాయేమోనని మైక్రోస్కోపులో చూస్తున్నాడు. కొన్ని బాక్టీరియాలు మందగా ఒకే అంచుకు, ఉత్తరం వైపుకు, పోతున్నాయి. అయస్కాంతం దగ్గర పెడితే దాని ప్రకారం తిరుగుతున్నాయి. వాటి ఒంట్లోనే ఒక ఖుత్బ్‌నుమా ఉండాలని ఆయన రాశాడు. రెండు వ్యాసాలు రాశాడు, ఇటాలియన్‌లో. పెద్ద పత్రికల్లో ఎక్కడా రాలేదు. కాగితాలు ఆ సంస్థలోనే ఉండిపోయాయి.

పన్నెండేళ్ల తర్వాత అమెరికాలో మాసచూసెట్స్ యూనివర్సిటీ తాలిబె ఇల్మ్ రిచర్డ్ బ్లేక్‌మోర్ సముద్రపు ఒడ్డు బురద తెచ్చి చుక్క వేసి చూశాడు. ఇక్కడా అదే తమాషా. వెలుతురు కోసం పోతున్నాయేమో అని మైక్రోస్కోపును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, డబ్బాతో కప్పాడు. ఎన్ని చేసినా అవి ఉత్తరానికే పోయాయి. 1975లో 'సైన్స్' పత్రికలో ఇంగ్లీషులో అచ్చయింది. దునియా అంతా చదివింది. బెల్లీనీ రాసినవి ఇంగ్లీషులోకి తర్జుమా అయి అచ్చులోకి వచ్చింది 2009లో. నలభై ఆరేళ్లు. బ్లేక్‌మోర్ ఎవరి సొత్తూ తీసుకోలేదు. తన కళ్లతో తాను చూశాడు. అయినా ఆ నలభై ఆరేళ్లు నన్ను వదలవు. ఎందుకో చివర్లో చెబుతాను.

ఒంట్లో ఉన్న ఖుత్బ్‌నుమా ఏమిటన్నది 1979లో తేలింది. మాగ్నెటైట్. మన పెద్దలు సూదంటు రాయి అన్నారే, ఆ ఖనిజమే. బాక్టీరియా నీళ్లలోని ఇనుమును పీల్చుకుని, ఒక పల్చటి పొరలో పెట్టి, చిన్న చిన్న స్ఫటికాలుగా కడుతుంది. వాటిని మాగ్నెటోసోములు అంటారు. వరసగా పేరిస్తే ఒక మిల్లీమీటరుకు పది, ఇరవై వేలు పడతాయి. అంతకంటే బాగా చిన్నవైతే అయస్కాంతం నిలకడగా ఉండదు. బాగా పెద్దవైతే ఒకే స్ఫటికంలో ముక్కలుగా చీలి ఒకదాన్నొకటి కొట్టేస్తుంది. సరిగ్గా ఆ మధ్య సైజులోనే కట్టి, తస్బీహ్ పూసల్లా ఒకే వరసలో గుచ్చుతుంది. అన్నీ కలిసి ఒక సూది. ప్రాణం పోయాక కూడా ఆ సూది పనిచేస్తుంది. చచ్చిన బాక్టీరియా ఈదదు గానీ, దిక్కుకు తిరుగుతుంది.

దానికి దిక్కుతో ఏం పని? దానికి మక్కా లేదు, మార్కెట్టు లేదు. దానికి కావాల్సింది లోతు. ఎక్కువ ఆక్సిజన్ ఉన్నచోట బతకలేదు. అసలు లేని చోట కూడా చాలావాటికి కష్టం. నీళ్లకూ బురదకూ నడుమ ఆక్సిజన్ సన్నగిల్లే ఒక పల్చటి పొర ఉంటుంది. అదే దాని మకాం. భూమి అయస్కాంత రేఖలు ఉత్తరార్ధంలో ఉత్తరానికి పోతూ కిందికి వంగుతాయి. ఆ రేఖ పట్టుకుని ఉత్తరానికి పోవడమంటే కిందికి దిగడమే. నలుదిక్కులా వెతికే పని లేదు, పైకీ కిందికీ పోతే చాలు. ఈ లెక్క నిజమైతే భూమికి అవతలి సగంలో అవి దక్షిణానికి పోవాలి. 1980లో న్యూజిలాండ్ బురద చూస్తే అలాగే పోయాయి. రేఖలు వంగకుండా పడుకుని ఉండే అయస్కాంత భూమధ్య రేఖ దగ్గర బ్రెజిల్‌లో చూస్తే రెండు రకాలూ కలిసి ఉన్నాయి. మన దేశంలో ఆ రేఖ తమిళనాడు చివర, తిరునెల్వేలి దగ్గర నుంచి పోతుంది.

ఇప్పుడు మా సరూర్‌నగర్ చెరువు దగ్గరకు రండి. దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్.బి.నగర్‌కూ మధ్య, కుతుబ్‌షాహీల కాలం నాటి చెరువు. 2020 అక్టోబరు వానల్లో ఆ నీళ్లు చుట్టుపక్కల గల్లీల్లోకి వచ్చాయి. నీళ్లు తీశాక ఇళ్లలో మిగిలింది నల్లటి బురద, కుళ్లిన గుడ్డు వాసన. మేం ఒక దోస్తు ఇంట్లో రెండు రోజులు పారలతో ఎత్తిపోశాం. అప్పుడు అది నాకు గలీజు మాత్రమే. తర్వాత అర్థమైంది, సముద్రం అడుగున జరిగే కథ మొత్తం ఆ వాసనలోనే ఉంది.

ఆకులు, చచ్చిన చేపలు, నాచు, ఇలాంటి జీవపదార్థం బురదలో ఎక్కువైతే బాక్టీరియాలు దాన్ని తినడానికి ముందు ఆక్సిజన్ వాడతాయి. అది అయిపోతే నైట్రేట్, తర్వాత మాంగనీసు, తర్వాత ఇనుము తుప్పు, అదీ అయిపోతే సల్ఫేట్, ఆఖరికి మీథేన్ దశ. ఇనుప తుప్పును 'శ్వాసించే' బాక్టీరియాలు కొన్ని తమ ఒంట్లో కాకుండా బయటే మాగ్నెటైట్‌ను కుప్పలుగా వదులుతాయని 1987లో డెరెక్ లవ్లీ పోటోమాక్ నది బురదలో చూపించాడు. వాటికి ఖుత్బ్‌నుమాతో పని లేదు. తిని పారేసిన ఇస్తరాకు లాంటిది అది. సల్ఫేట్ దశకు వచ్చేసరికి గంధకపు వాయువు పుడుతుంది. కుళ్లిన గుడ్డు వాసన అదే. అది ఇనుముతో కలిస్తే బురద నల్లబడుతుంది. ఆ మకాంలో ఉండే కొన్ని బాక్టీరియాలు మాగ్నెటైట్‌కు బదులు గ్రెగైట్ అనే ఇనుము-గంధకపు ఖనిజంతో సూదులు కడతాయని 1990లో తెలిసింది.

బాక్టీరియా చచ్చిపోతుంది. స్ఫటికాలు బురదలో మిగులుతాయి. ఆ నాటి ఉత్తరం ఎటుందో చూపుతూ నిలిచిపోతాయి. 1986లో నికోలాయ్ పీటర్సన్, ఆయన సాథీలు దక్షిణ అట్లాంటిక్ అడుగు మట్టిలో ఇలాంటి శిలాజాలను చూపించారు. భూమి ఉత్తర దక్షిణాలు తారుమారైన సంగతులు, చివరిది సుమారు 7 లక్షల 80 వేల ఏళ్ల కిందటిది, మనకు ఇలాంటి మట్టిలోంచి కూడా తెలుస్తాయి. అంటే సముందర్ అడుగు ఒక దఫ్తర్‌ఖానా. ముహర్రిర్లు కంటికి కనపడని జీవులు.

మన సముద్రం సంగతి చెప్పకపోతే ఇదంతా పరాయి కథలాగే ఉంటుంది. 2024లో గోవాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓషనోగ్రఫీ సైంటిస్టులు, వాళ్లలో ఫిరోజ్ బడేసాబ్ ఒకరు, నైరుతి బంగాళాఖాతం అడుగున తీసిన మట్టిలో 'జెయింట్ మాగ్నెటోఫాసిల్స్' దొరికాయని ప్రకటించారు. మామూలు స్ఫటికాలకంటే ఎన్నో రెట్లు పెద్ద సూదులు. ఇలాంటివి మొదట 2008లో అమెరికాలోని న్యూజెర్సీ మట్టిలో వెలుగులోకి వచ్చాయి. అవి 5 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట భూమి విపరీతంగా వేడెక్కిన కాలంలోవి. కట్టిన జీవి ఏదో ఇప్పటికీ ఎవరూ చూడలేదు. బంగాళాఖాతంలో దొరికినవి సుమారు 50 వేల ఏళ్ల నాటివి, ఇప్పటిదాకా దొరికిన వాటిలో చాలా చిన్న వయసువి. గోదావరి, పెన్నా, కావేరి లాంటి నదులు తెచ్చిన ఇనుము, జీవపదార్థం, సముద్రపు అడుగున తగ్గిన ఆక్సిజన్, మూడూ కలిసి ఆ జీవులకు ఇల్లు కట్టాయన్నది వాళ్ల మాట. దక్కన్ నల్లరాయిలో ఇనుముకు కొదవ లేదు కదా.

మా మూసీ కూడా ఆ దారిలోదే. మూసారాంబాగ్, చైతన్యపురి, నాగోల్ పక్క నుంచి పోయి, సూర్యాపేట వైపు తిరిగి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మేం సూర్యాపేట నుంచి ఇటు వచ్చాం. మా బురద అటు పోతుంది. 1908 సెప్టెంబరు 28 నాటి తుగ్యానీలో ఈ షహర్ నుంచి కొట్టుకుపోయిన మట్టిలో ఎంతోకొంత కృష్ణ ముఖద్వారం దాటి ఉంటుంది. ఇప్పుడు దారి పొడవునా ఆనకట్టలు. మట్టి చాలామటుకు మధ్యలోనే ఆగుతుంది. ముహర్రిర్లకు అందే సిరా తగ్గిందన్నమాట.

ఇంకో సంగతి ఉంది, తారీఖ్ రాసేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది. జీవపదార్థం మరీ ఎక్కువైతే ఆ దఫ్తర్ తనను తానే చెరిపేసుకుంటుంది. గంధకపు వాయువు మాగ్నెటైట్‌ను కరిగిస్తుంది, చివరికి అయస్కాంతం లేని పైరైట్‌గా మారుస్తుంది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో 2006లో జోయిడెస్ రిజల్యూషన్ అనే జహాజ్ సముద్రం అడుగును తొలిచింది. ఒకచోట సుమారు 130 మీటర్ల మందాన మీథేన్ మంచుగా గడ్డకట్టి దొరికింది. అలా మీథేన్ పైకి ఎగదన్నే చోట సల్ఫేట్‌తో కలిసి గంధకపు వాయువు పుడుతుంది. పాత మాగ్నెటైట్ పోతుంది. కొన్నిచోట్ల గ్రెగైట్ కొత్తగా పుడుతుంది. అంటే పాత రాత మీద కొత్త రాత. తెలియనివాడు కొత్త రాత చదివి అదే పాత తారీఖ్ అనుకుంటాడు. లేదా ఏమీ కనపడక, ఇక్కడ ఎప్పుడూ ఏమీ లేదు అనేస్తాడు. అబ్బా మాట మళ్లీ గుర్తొస్తుంది. సూదిది తప్పు కాదు, పక్కన ఏమున్నదో చూడాలె.

ఇప్పుడు బెల్లీనీ నలభై ఆరేళ్ల సంగతి.

ట్రంకు పెట్టెలో ఖుత్బ్‌నుమా కింద ఒక కితాబ్ ఉండేది. దాదాజాన్ ఉస్మానియా యూనివర్సిటీలో చదివినప్పటిది. తబీయాత్, అంటే ఫిజిక్స్, ఉర్దూలో. 1917లో నిజాం సర్కారు దారుత్తర్జుమా పెట్టి, ఇంగ్లీషు ఇల్మ్ మొత్తాన్ని ఉర్దూలోకి తెచ్చే పని మొదలుపెట్టింది. మరుసటి ఏడాది ఉస్మానియా పుట్టింది. మెడిసిన్, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలో చెప్పిన చోటు అది. 1948 తర్వాత కొద్ది కాలంలోనే ఆ చదువు ఇంగ్లీషులోకి మారింది. ఒక్కో మాట వెతికి పెట్టిన వందల కితాబులు అల్మారాల అడుగుకు దిగిపోయాయి. అది అందరికీ న్యాయం చేసిన చదువని నేను అనను. ఈ నేల మీద ఎక్కువమంది మాట్లాడిన తెలుగుకు ఆ గేటు దగ్గర జగా దొరకలేదు. తెలుగు మీడియంలో చదివిన నేను అది మరచిపోను. కానీ అన్యాయం ఒకవైపు, ఇల్మ్ ఒకవైపు. రెండూ జరిగాయి. ఒకదాన్ని చెప్పడానికి ఇంకొకదాన్ని కరిగించేస్తే ఆ తారీఖ్‌కు సూది ఉండదు.

అబ్బా ఇంతిఖాల్ అయ్యాక ఆ కితాబ్ నాకు వచ్చింది. నాకు ఉర్దూ చెవితో వచ్చింది, కంటితో రాలేదు. ఖుర్‌ఆన్ నాజిరా చదువుతాను. జేర్, జబర్, పేష్ లేని ఉర్దూ పేజీ తెరిస్తే పసిపిల్లాడిలా తడబడతాను. ఇన్నేళ్లూ అది పెట్టెలోనే ఉంది. మా ఇంటి సముందర్ అడుగున.

మొన్న బంగాళాఖాతం వార్త చదివాక పెట్టె తెరిచాను. పురుగు తిన్న చోట్లు తిన్నట్టే ఉన్నాయి. ఒక పేజీలో గుర్రపు లాడం ఆకారం బొమ్మ, దాని చుట్టూ వంపు గీతలు కనిపించాయి. అయస్కాంతం పాఠమే. బొమ్మ పైన ఉన్న మాట మీద వేలు పెట్టి ఒక్కో హర్ఫ్ పలికాను. మీమ్. ఖాఫ్. నూన్. అలిఫ్. తోయ్. యే. సీన్.

మిఖ్నాతీస్.

పక్కన పెన్సిల్‌తో దాదాజాన్ ఏదో రాసుకున్నాడు. చిన్న అక్షరాలు, సగం చెరిగిపోయాయి. ఇంకా చదవలేకపోయాను. రోజుకో వాక్యం చొప్పున అక్కడికీ వస్తాను, ఇన్షా అల్లాహ్.